కుర్చీ బరువెంతో ఎప్పుడైనా చూశారా?

గ్యాస్ బండలో గ్యాస్ ఎంతుంటుందని అడిగితే మనం తడుముకోకుండా చెబుతాం, 14 కిలోల 200 గ్రాములని. నెలకి బియ్యం ఎన్ని కిలోలు పడతాయో, పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు ఎన్ని కాసులో నిద్దట్లో లేపి అడిగినా చెబుతాం. మరి రోజూ రెండు పూటలా ఇల్లు ఊడ్చేటప్పుడు ఎత్తి పక్కన పెట్టే కుర్చీ బరువెంతో చెప్పగలమా? చెప్పలేం. ఎందుకంటే ఆ బరువు మన చేతులు మోస్తాయిగానీ ఎవరూ తూచరు కనుక.

మాది తిరువూరు దగ్గర వినగడప. కట్టలేరు పక్క ఊరు. ఇంటర్ పాసవగానే పెళ్లయి ఈ ఇంటికి వచ్చాను. వంటా వార్పూ, పశువులూ, పొలం పనులకొచ్చిన వాళ్లకి అన్నాలూ... ఇదే నా లోకం. అలాంటిదాన్ని మీకు ఇటలీ దేశపు భోజనాల కుర్చీల గురించి చెబుతానంటే నవ్వొస్తుందేమో! నవ్వినా ఫర్వాలేదు గానీ చివరిదాకా చదవండి. ఆ దూరదేశపు కుర్చీ మీ వంటింటి గుమ్మం దాకా ఎలా వచ్చిందో మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో భోజనాలు ఎప్పుడూ కిందే. మగవాళ్లకి పీటలు, పిల్లలకి చాప. మేం ఆడవాళ్లం చివర్లో వంటింట్లో గిన్నెల మధ్యే కంచం పెట్టుకుని నాలుగు మెతుకులు తినేవాళ్లం. మా అత్తయ్యగారికి డెబ్భై దాటాక మోకాళ్లు పట్టేశాయి. కింద కూర్చుంటే లేవలేరు. లేపడానికి ఇద్దరం కావాలి. ఆవిడేమో ఎవర్నీ పిలవడం ఇష్టంలేక రాత్రిపూట అన్నం మానేసి పాలు తాగి పడుకోవడం మొదలుపెట్టారు. "ఆకలి లేదమ్మాయ్" అనేవారు. ఆకలి లేక కాదని నాకు తెలుసు.

అందుకని ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఒళ్లో కంచం పెట్టి వడ్డించేదాన్ని. కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోతుంటే టైల్స్ మీద వెనక కాళ్లు రెండూ పక్కలకి విచ్చుకుపోయాయి. కుర్చీతో సహా పడ్డారు. తుంటి ఎముకకి ఏం కాలేదుగానీ కుడి మణికట్టు విరిగింది. నెలన్నర కట్టు. ఆ నెలన్నరా అన్నం కలిపి ముద్దలు పెట్టాను. తినిపించుకుంటూ ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్న రోజులు నేను మర్చిపోలేను.

కట్టు విప్పిన వారానికే మా వారు ఒక నిర్ణయం తీసుకున్నారు. పొలం గట్టున ఉన్న టేకు చెట్టు కొట్టించి డైనింగ్ టేబులూ, ఆరు కుర్చీలూ చేయించాలని. మంచి మాటే. నాకూ సంతోషమే. వడ్రంగి ఆచారి గారు వచ్చి కాగితం మీద బొమ్మ గీశారు. ఎత్తైన వీపు, వీపు మీద నెమలి, సింహం తలలున్న చేతులు, ఏనుగు పాదాల్లాంటి కాళ్లు. "తరాలు ఉంటాయండీ, కదిలిస్తే కదలవు" అన్నారు గర్వంగా. ఆ మాటే నాకు గుచ్చుకుంది. కదిలిస్తే కదలకపోతే వాటికింద ఊడ్చేదెలా?

వసారాలో మా మామయ్యగారి కాలంనాటి టేకు కుర్చీ ఒకటుంది. పత్తి తూచే కాటా మీద పెట్టి చూశాను. 8 కిలోల 600 గ్రాములు! ఆచారి గారు గీసిన కుర్చీ అంతకి తగ్గదు. పోనీ ఎనిమిదిన్నర అనుకుందాం. ఆరు కుర్చీలు కలిపితే 51 కిలోలు. ఊడ్చేముందు ఎత్తి పక్కన పెట్టాలి, ఊడ్చాక ఎత్తి మళ్లీ చోట్లో పెట్టాలి. అంటే 102. పొద్దునా సాయంత్రం కలిపి 204 కిలోలు. ధాన్యం బస్తా 75 కిలోలు కదా, రోజుకి రెండున్నర బస్తాలకు పైమాటే! మగవాళ్లు బస్తా ఎత్తితే పని అంటారు. మనం కుర్చీ జరిపితే దానికి పేరే లేదు.

సరిగ్గా ఆ సమయంలోనే మా అమ్మాయి సెలవులకి వచ్చింది. విజయవాడలో ఆర్కిటెక్చర్ చదువుతోంది. నా లెక్కలు చూసి నవ్వి, "అమ్మా, నువ్వేసిన లెక్క ఒకాయన ఎప్పుడో వేశాడే" అంటూ పుస్తకంలో ఒక కుర్చీ బొమ్మ చూపించింది. సన్నటి కాళ్లు, అల్లిన సీటు, కాస్త వెనక్కి వాలిన వీపు. చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. "దీని బరువు కిలో 700 గ్రాములు" అంది. నేను నమ్మలేదు. మా ఇత్తడి బిందె అంతకంటే బరువుంటుంది!

ఆ కుర్చీ పేరు సూపర్‌లెజెరా. ఇటలీ భాషలో 'లెజెరా' అంటే తేలికైనది. 'సూపర్' సంగతి మనకి తెలిసిందే. దాన్ని తయారుచేసిన ఆయన జియో పోంటి. 1891లో మిలాన్ నగరంలో పుట్టిన ఆర్కిటెక్టు. మిలాన్‌లో పిరెల్లి టవర్ అనే పెద్ద ఆకాశహర్మ్యం ఆయన రూపకల్పనే. అంత పెద్ద కట్టడం కట్టినాయన ఇంట్లో వాడే చిన్న కుర్చీ కోసం ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడంటే విచిత్రం కదూ! ఇల్లు ఎలా ఉండాలి, సామాను ఎలా ఉండాలి అని చెప్పడానికి 1928లో 'దోముస్' అనే పత్రిక కూడా పెట్టాడాయన. లాటిన్‌లో ఆ మాటకి ఇల్లు అని అర్థం.

అయితే ఈ కుర్చీ పోంటి బుర్రలో శూన్యంలోంచి పుట్టలేదు. దానికో ముత్తవ్వ ఉంది. ఇటలీ సముద్రతీరాన, జెనోవా నగరానికి దగ్గర్లో కియావరి అని ఒక చిన్న పట్టణం. అక్కడ 1807లో జుసెప్పే గయెటానో డెస్కాల్జి అనే వడ్రంగిని ఆ ఊరి ప్రభువొకాయన పిలిచి, ఫ్రాన్సు నుంచి వచ్చిన కుర్చీల్ని చూపించి, వీటికంటే మంచివి చెయ్యమన్నాడట. డెస్కాల్జి ఆ కుర్చీల్లో అక్కర్లేని నగిషీలన్నీ తీసేసి, కాళ్లు సన్నం చేసి, సీటుని సన్నటి ఈనెలతో నేసి ఒక తేలికపాటి కుర్చీ చేశాడు. అది ఎంత బాగా కుదిరిందంటే రాజుల మేడల్లోకీ వెళ్లింది, మామూలు ఇళ్లలోకీ వెళ్లింది. కియావరి కుర్చీ అంటే ఊరి పేరే కుర్చీకి పేరైపోయింది, మన ఉప్పాడ చీర లాగా.

మీరెప్పుడైనా విజయవాడలోనో హైదరాబాద్‌లోనో పెద్ద పెళ్లికి వెళ్తే ఫంక్షన్ హాల్లో బంగారు రంగువి, సన్నటి వెదురు కర్రల్లాంటి చువ్వలున్న కుర్చీలు వరసగా వేసి ఉంటాయి, గుర్తొచ్చాయా? డెకరేషన్ వాళ్లు వాటిని కియావరి కుర్చీలనే అంటారు. అసలు కియావరివి కావనుకోండి. కానీ ఆ పేరు అక్కడిదే. రెండొందల ఏళ్ల కిందటి ఒక వడ్రంగి ఊరిపేరు మన పెళ్లి పందిట్లో దాకా నడిచొచ్చింది!

ఇక పోంటి దగ్గరికి వద్దాం. 1945లో రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఇటలీ దెబ్బతిని ఉంది. బాంబులకి మిలాన్‌లో ఎన్నో ఇళ్లు కూలిపోయాయి. కొత్తగా కట్టినవి చిన్న చిన్న వాటాలు. ఒకటే గది. పొద్దున్న అదే భోజనాల గది, మధ్యాహ్నం పిల్లల చదువుల గది, రాత్రి పడకగది. పాతకాలపు బరువైన కుర్చీలు ఆ ఇళ్లలో పట్టవు, కదలవు. డబ్బు లేదు, ఖరీదైన సామగ్రి లేదు. ఉన్నదల్లా పనితనం. మిలాన్‌కి ఉత్తరాన మేదా, కాంటూ, లిస్సోనే లాంటి ఊళ్లలో తరతరాల వడ్రంగి కుటుంబాలున్నాయి. ఆర్కిటెక్టులు వెళ్లి ఆ వడ్రంగుల పక్కన కూర్చున్నారు. లేమి, పనితనం, ఆలోచన... ఈ మూడూ కలిసి సుమారు 1945 నుంచి 1970 దాకా ఇటలీ కుర్చీలకి ప్రపంచమంతా పేరు తెచ్చాయి. 1961లో మిలాన్‌లో మొదలైన ఫర్నిచర్ ప్రదర్శనకి ఇప్పటికీ దేశదేశాల వాళ్లు వెళ్తుంటారు.

పోంటి మేదాలోని కసీనా అనే కర్రసామాను సంస్థతో కలిసి పనిచేశాడు. 1950ల మొదట్లో లెజెరా అనే కుర్చీ చేశారు. ఆయనకి తృప్తి కలగలేదు. ఇంకా తగ్గించాలి, ఇంకా తీసెయ్యాలి అని పట్టుపట్టాడు. చివరికి 1957లో సూపర్‌లెజెరా బయటికి వచ్చింది. ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయం ఉంది. ఆయన తేలికైన కలప ఎంచుకోలేదు! వాడింది యాష్ అనే కలప. క్రికెట్‌లో వికెట్లు చేస్తారే, అది. గట్టిది. మన టేకుకీ దానికీ బరువులో పెద్ద తేడా ఏం లేదు. మన కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చాలా తేలిక, కానీ మనిషి కూర్చుంటే ఆగుతుందా? తేలికతనం కలపలో లేదు, కోతలో ఉంది. నాలుగు పలకల కాలులో ఏ మూల కలప అక్కర్లేదో చూసి ఆ మూలని చెక్కి తీసేశారు. మిగిలింది మూడు పలకల కాలు. మందం 18 మిల్లీమీటర్లు. అంటే మన బొటనవేలంత!

మరి విరగదా? అదే నేనూ అడిగాను. దాన్ని నాలుగో అంతస్తు నుంచి కిందకి పడేస్తే బంతిలా ఎగిరిపడిందే గానీ విరగలేదని చెబుతారు. చిన్నపిల్లవాడు ఒక్క వేలితో ఎత్తుతున్నట్టు ఫోటో తీసి ప్రచారం చేశారు. చెక్కకి చెక్క అతికేచోట బెజ్జం తొలిచి, రెండో చెక్క కొసని అందులో బిగువుగా దిగ్గొట్టడంలోనే దాని బలమంతా ఉంది. మేకుల్లో లేదు, లావులో లేదు. పోంటి దీన్ని ఏ విశేషణమూ అక్కర్లేని వట్టి కుర్చీ అనుకున్నాడు. గొప్ప కుర్చీ, ఆధునిక కుర్చీ, రాజుగారి కుర్చీ... ఇవేం కాదు. ఊరికే కుర్చీ.

ఇదంతా వింటుంటే నాకు మన నులక మంచం గుర్తొచ్చింది. నాలుగు కాళ్లు, నాలుగు పట్టెలు, బెజ్జాల్లో బిగింపు, మధ్యలో అల్లిక. మనిషి బరువు పడగానే నులక సాగుతుంది, పట్టెలు బిగుసుకుంటాయి, కాళ్లు నిలబడతాయి. పొద్దున్నే ఒక్క చేత్తో ఎత్తి గోడకి నిలబెట్టి కింద కళ్లాపి చల్లేవాళ్లు మన పెద్దవాళ్లు. కియావరి వడ్రంగి తెలుసుకున్న కిటుకు మన పల్లెటూరి వడ్రంగికి ఎప్పట్నుంచో తెలుసు. మనం దాన్ని డిజైన్ అని పిలవలేదు, అంతే.

ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీ కథ కూడా చెప్పాలి. అదీ ఆ దేశంతో ముడిపడిందే మరి! మన ప్లాస్టిక్ కుర్చీలు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దాన్ని గట్టి వస్తువులకి పనికొచ్చేలా 1954లో తయారుచేసింది మిలాన్ పాలిటెక్నిక్‌లో రసాయన శాస్త్రవేత్త జూలియో నట్టా. ఆ పరిశోధనలకే 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. మీకో ముచ్చట చెబుతాను. ఆ ప్లాస్టిక్‌లో అణువులు వరసగా అమరే తీరుకి శాస్త్రంలో ఐసోటాక్టిక్ అని పేరు. ఆ పేరు సూచించింది ఆయన భార్య రోసితా బెయాతి. ఆవిడ సాహిత్యం చదువుకుంది, గ్రీకు మాటలు కలిపి పెట్టింది. భర్త పరిశోధనకి భార్య పెట్టిన పేరు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో ఉందన్నమాట!

నట్టా దగ్గర చదువుకున్న జూలియో కాస్తెల్లి 1949లో కార్టెల్ అనే సంస్థ పెట్టాడు. బకెట్లు, చేటలు, నిమ్మకాయ రసం పిండుకునేవి... ఇలా వంటింటి సామాన్లు ప్లాస్టిక్‌తో చేసింది. ఆయన భార్య అన్నా కాస్తెల్లి ఫెర్రియెరి స్వయంగా ఆర్కిటెక్టు. ఒకదాని మీద ఒకటి పేర్చుకునే గుండ్రటి అరలు, ఆ తర్వాత పేర్చిపెట్టుకునే కుర్చీ ఆవిడ డిజైన్ చేసినవే. 1964లో ఆ సంస్థే పిల్లల కోసం మొత్తం ప్లాస్టిక్‌తో కుర్చీ తెచ్చింది. దాన్ని మార్కో జనూసో, రిచర్డ్ సాపర్ అనే ఇద్దరు రూపొందించారు. పిల్లలు దాన్ని కూర్చోవడానికీ, పేర్చి ఆడుకోవడానికీ కూడా వాడేవారు. 1967లో జో కొలంబో రూపొందించిన యూనివర్సాలే కుర్చీ వచ్చింది. సీటూ వీపూ కలిపి ఒకటే అచ్చు. కాళ్లు విడిగా తగిలించుకోవాలి. పొట్టి కాళ్లు పెడితే పిల్లల కుర్చీ, మామూలువి పెడితే భోజనాల కుర్చీ. వీపు కింద చిన్న కంత, చెయ్యి పెట్టి ఎత్తుకోవడానికి. ఎత్తే చేతిని కూడా తలుచుకున్నాడు చూశారా!

ఆ తర్వాత 1972లో ఫ్రాన్సులో హెన్రీ మాసోనే కాళ్లతో సహా ఒకే అచ్చులో వచ్చే కుర్చీని అమ్మకానికి తెచ్చాడు. ప్లాస్టిక్ గింజల్ని సుమారు 220 డిగ్రీల వేడికి కరిగించి అచ్చులోకి ఎక్కిస్తే నిమిషం, రెండు నిమిషాల్లో కుర్చీ తయారు. ఆ దారిలోంచే మన షామియానా వాళ్ల కుర్చీ వచ్చింది. పెళ్లికీ అదే, పెద్దకర్మకీ అదే, ఊళ్లో మీటింగుకీ అదే. పేదింటికి కూడా కుర్చీ తెచ్చిపెట్టిన ఆ ప్లాస్టిక్‌ని నేను తిట్టను. మా కాటా మీద అది 2 కిలోల 400 గ్రాములు తూగింది. పిల్లలు కూడా ఎత్తుతారు. కానీ ఎండలో ఉంచితే అది పెళుసుబారుతుంది. చౌక రకాల్లో కాళ్లు మరీ పలచన. నున్నటి టైల్స్ మీద, అందులోనూ తడి మీద, పెద్దవాళ్లు వెనక్కి వాలినా, చేతుల మీద బరువు మోపినా కాళ్లు జారి విచ్చుకుంటాయి. మా అత్తయ్యగారికి జరిగింది అదే.

అంటే తేలిగ్గా ఉంటే చాలదు, నిలబడాలి. గట్టిగా ఉంటే చాలదు, కదలాలి. మంచి కుర్చీకి ఈ రెండూ కావాలి. ఇదే నాకు అర్థమైంది.

మర్నాడు ఆచారి గారు రాగానే నేను చెప్పాను. "ఆచారి గారూ, నెమలీ వద్దు, సింహం వద్దు. కాళ్లు సన్నంగా చెయ్యండి. సీటు చెక్కది కాదు, అల్లించుకుంటాను." ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. "అంత మంచి టేకు పెట్టుకుని పుల్లల కుర్చీలు చేస్తే నలుగురూ నవ్వుతారమ్మగారూ. నా చేతికి చెడ్డపేరు" అన్నారు. మా వారికీ నచ్చలేదు. "చెట్టు కొట్టించింది ఇందుకా? చుట్టాలొస్తే చూపించుకోవడానికి కూడా ఉండాలి కదా" అన్నారు. నేను వాదన పెట్టుకోలేదు. వసారాలో పాత కుర్చీ చూపించి, "ఏవండీ, దీన్ని ఇక్కడినుంచి వంటింటి దాకా ఆరుసార్లు మోసుకెళ్లి, ఆరుసార్లు తీసుకురండి. సాయంత్రం మళ్లీ ఓసారి. తర్వాత మీరేమంటే అది" అన్నాను. మూడోసారికి కుర్చీ దింపి నడుం పట్టుకున్నారు. ఇంకేం మాట్లాడలేదు.

ఆచారి గారికి మా అమ్మాయి ఆ బొమ్మ చూపించి, కాలు మందం, బెజ్జం లోతు అడిగింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "వీడెవడోగానీ పనివాడమ్మా" అన్నారు చివరికి. అంత సన్నం మన పనిముట్లతో రాదనీ, అంగుళంపావు కాలు అయితే పూచీ తనదనీ చెప్పారు. కాళ్ల మధ్య కింద అడ్డకర్రలు పెట్టారు. అత్తయ్యగారి పాత పట్టెమంచం నవారు ఉతికి ఎండేసి ఉంచితే, దాంతో నేనూ ఆవిడా కలిసి సీట్లు అల్లాం. ఆవిడకి చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, అయినా అల్లిక మాత్రం నాకు నేర్పింది ఆవిడే. ఒక్కో కుర్చీ 3 కిలోల 400 గ్రాములు తూగింది. ఇటలీ కుర్చీకి రెట్టింపు, మా మామయ్యగారి కుర్చీలో సగానికి తక్కువ. చాలదూ! మిగిలిన కలపతో అత్తయ్యగారికి చేతులున్న కుర్చీ ఒకటి విడిగా చేయించాం. మొత్తం ఏడు.

ఇంట్లో మేం ఐదుగురం. కుర్చీలు ఏడు. అయినా మొదటిరోజు ఏమైందో తెలుసా? మా వారూ, పిల్లలూ కూర్చున్నారు. నేనూ అత్తయ్యగారూ నిలబడి వడ్డిస్తున్నాం! ఇన్నేళ్ల అలవాటు ఒక్కరోజులో పోతుందా? మా అమ్మాయి లేచి వాళ్ల నానమ్మని చెయ్యిపట్టుకుని కూర్చోబెట్టింది. "మగవాళ్లు తినకుండా నేనెలా తింటానే" అంటూనే ఆవిడ కూర్చున్నారు. నేను గిన్నెలన్నీ టేబుల్ మధ్యకి చేర్చి, "ఎవరికి కావాల్సింది వాళ్లు వడ్డించుకోండి" అని కూర్చున్నాను. మా వారు ఓ నిమిషం చూసి, పప్పుగిన్నె అందుకుని ముందు వాళ్లమ్మకి వడ్డించారు. ఆ రాత్రి అత్తయ్యగారు పాలు కాదు, చారన్నం కూడా అడిగి వేయించుకుని తిన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను వేడిగా అన్నం తిన్న రోజుల్లో అదొకటి.

ఈమధ్య ఆ కాలపు అసలు ఇటలీ కుర్చీల్ని పాతవాటిగా వెతికి వెతికి కొంటున్నారట విదేశాల్లో. మన దేశంలోనూ అలాంటి కథ ఒకటుంది. 1950లలో చండీగఢ్ నగరం కట్టేటప్పుడు పియర్ జెన్నరే అనే స్విట్జర్లాండ్ ఆర్కిటెక్టు ఆఫీసుల కోసం టేకూ, పేమూ కలిపి కుర్చీలు రూపొందించాడు. చేసింది మన వడ్రంగులే. పాతబడ్డాయని వాటిని తుక్కు కింద వేలం వేసేశారు. అవే ఇప్పుడు విదేశీ వేలాల్లో లక్షలు పలుకుతున్నాయి. కాబట్టి మీ అటక మీద పేము ఊడిన పాత కుర్చీ ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు ఒకసారి ఆలోచించండి. లక్షలు రాకపోవచ్చుగానీ, మళ్లీ అల్లించుకుంటే ఇంకో తరం కూర్చుంటుంది.

కొత్తగా కుర్చీలు చేయించేవాళ్లకి నేను తెలుసుకున్నవి నాలుగు మాటలు. సీటు ఎత్తు నేలనుంచి 17, 18 అంగుళాలు ఉంటే మనలో చాలామందికి పాదాలు పూర్తిగా నేలమీద ఆనతాయి. టేబుల్ ఎత్తు 29, 30 అంగుళాలు. సీటుకీ టేబుల్‌కీ మధ్య దాదాపు అడుగు ఖాళీ ఉంటే తొడలు తగలవు. పెద్దవాళ్ల కుర్చీకి చేతులు తప్పకుండా ఉండాలి, సీటు మరీ పల్లంగా ఉండకూడదు. లేకపోతే లేవలేరు. కొనేముందు కుర్చీని నేలమీద పెట్టి ఒక మూల నొక్కి చూడండి, ఊగితే వద్దు. మేకులు కొట్టి అతికించిందా, బెజ్జంలో దిగిందా అని అడగండి. కాళ్లకింద రబ్బరు తొడుగులు వేయించండి. టైల్స్ మీద జారవు, గీతలు పడవు. ప్లాస్టిక్ కుర్చీ కాళ్లమీద తెల్లటి చారలు కనిపిస్తే అది పగుళ్లకి మొదలు, పెద్దవాళ్లని కూర్చోబెట్టకండి. తడి బాత్రూములో అసలే వేయకండి.

వీటన్నిటికంటే ముందు ఇంకో రెండు పరీక్షలున్నాయి. షాపులో మా వారినీ మీ వారినీ కాదు, రోజూ ఆ కుర్చీ జరిపే మనిషిని ఒక్క చేత్తో ఎత్తి చూడమనండి. ఎత్తలేకపోతే ఎంత అందంగా ఉన్నా దండం పెట్టి వచ్చేయండి. తర్వాత ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టండి. లెక్కలో వంటచేసే మనిషినీ, మోకాళ్లు పట్టేసిన పెద్దావిడనీ కలిపారో లేదో ఇంకోసారి చూసుకోండి. కుర్చీలు ఆ లెక్కకి సరిపోవాలి. ఏమంటారు?